ఫారిన్ టూర్ చూశాక మన ఫ్రెష్‌మన్ పాయింట్ గార్డ్ మీద ఎంత నమ్మకం పెట్టుకోవచ్చు?

బాల్కనీ_సీటు:
అందరికీ హాయ్. స్పెయిన్‌లో మన అమెరికన్ కాలేజీ బాస్కెట్‌బాల్ టీమ్ ఆడిన ఎగ్జిబిషన్ మ్యాచ్‌లు దొరికినంత వరకు చూశా. స్ట్రీమ్ అంటే ఒకటే కెమెరా, అదీ బాల్ వెళ్లిపోయాక తాపీగా తిరుగుద్ది, స్కోరు స్క్రీన్ మీద కనపడదు, పక్కన ఎవరో స్పానిష్‌లో అరుస్తుంటారు, అయినా కూర్చుని చూశా ఎందుకంటే నాకు కావాల్సింది కొత్తగా వచ్చిన ఫ్రెష్‌మన్ (మొదటి ఏడాది) పాయింట్ గార్డ్, అంటే బాల్ తెచ్చి ఆట నడిపించేవాడు, ఒక్కడే. మొదటి మ్యాచ్‌లో కుర్రాడు బాగా కంగారుపడ్డాడు, ట్రాప్ వేస్తే, అంటే ఇద్దరు కలిసి మీద పడితే చాలు బాల్ ఇచ్చేస్తున్నాడు, ప్రతి రెండు నిమిషాలకి బెంచ్ వైపు చూపులు. చివరి మ్యాచ్‌కి వచ్చేసరికి వీడు వాడేనా అనిపించింది. అంటే ఏవో భారీ పాయింట్లు కొట్టాడని కాదు, టీమ్ అంతా వాడి వెనకాల కదులుతోంది.

ఇప్పుడు సగం మంది నవంబర్‌లో సీజన్ మొదలైతే వీడే స్టార్టర్ (మొదటి ఐదుగురిలో ఒకడు) అంటున్నారు, మిగతా సగం ఆగస్టు మ్యాచ్‌లకి విలువేంటి అంటున్నారు. అసలు ఇలాంటి టూర్‌లో పాయింట్ గార్డ్ దగ్గర ఏం చూడాలి? ఇంకొకటి, మొదటి మ్యాచ్‌లో వాళ్లు వరసపెట్టి కొడుతుంటే మన కోచ్ చేతులు కట్టుకుని కూర్చున్నాడు, ఒక్క టైమౌట్ తీసుకోలేదు. అది నాకు అస్సలు అర్థం కాలా.

బాక్స్‌స్కోర్_బాబాయ్:
బ్రో, అంత ఎగిరిపడకండి. యూరప్‌లో క్లబ్బులకి ఆగస్టు అంటే సెలవులైపోయి అప్పుడప్పుడే ఒళ్లు వంచుతున్న టైమ్, లీగ్ మొదలయ్యేది సెప్టెంబర్ చివర్లోనో అక్టోబర్‌లోనో. కాలేజీ టీమ్‌లతో ఆడటానికి వచ్చేవి చాలాసార్లు అప్పటికప్పుడు కూర్చిన సెలెక్ట్ టీమ్‌లు, కింది డివిజన్ల వాళ్లు, పొద్దున ఉద్యోగం చేసుకుని సాయంత్రం ఆడేవాళ్లు కూడా ఉంటారు. ఈ మ్యాచ్‌లు సీజన్ రికార్డులోకి రావు. చివరి మ్యాచ్‌లో ఎదురు టీమ్ రెండో సగంలో వెనక్కి పరిగెత్తడం కూడా మానేసింది, చూసే ఉంటారు. అలాంటి వాళ్ల మీద అసిస్ట్‌లు (బాస్కెట్‌కి దారితీసిన పాస్‌లు) వస్తే దాన్ని ఎదుగుదల అంటే ఎలా?

క్లిప్‌బోర్డ్_అన్న:
బాబాయ్ చెప్పింది కరెక్టే, స్కోర్లు పక్కన పెట్టేయండి. కానీ ఎదురు టీమ్ ఎలాంటిదైనా గడియారం గడియారమే కదా. నేను స్కూల్ పిల్లలకి కోచింగ్ ఇస్తుంటా, నాకు ఈ టూర్లలో నచ్చేది ఫీబా (అంతర్జాతీయ బాస్కెట్‌బాల్ సంఘం) రూల్సే, మిగతా వాళ్ల సంగతేమో గానీ పాయింట్ గార్డ్‌ని మాత్రం అవి వదిలిపెట్టవు. మన దగ్గర మెన్స్ కాలేజీలో షాట్ క్లాక్, అంటే షాట్ వేయడానికి ఉండే టైమ్, 30 సెకన్లు, అక్కడ 24. హాఫ్‌కోర్ట్ దాటడానికి మన దగ్గర 10, అక్కడ 8. అఫెన్సివ్ రీబౌండ్ వస్తే, అంటే షాట్ మిస్సయ్యి బాల్ మళ్లీ వేసినోళ్లకే దొరికితే, మనకి 20కి రీసెట్ అవుద్ది, వాళ్లకి 14 మాత్రమే. కాగితం మీద చూస్తే ఆరు సెకన్లేగా అనిపిస్తది. కానీ తాపీగా డ్రిబుల్ చేసుకుంటూ వచ్చి, వేళ్లు చూపించి ప్లే పిలిచి, అందరూ నిలబడ్డాక మొదలుపెడదామంటే అప్పటికి క్లాక్ మీద 14 ఉంటది, మొదటి స్క్రీన్‌ని (డిఫెండర్‌కి మనోడొకడు అడ్డంగా నిలబడటం) వాళ్లు చెడగొడితే రెండోదానికి టైమే ఉండదు. మొదటి మ్యాచ్‌లో మనోడికి జరిగింది అచ్చంగా ఇదే, చివర్లో దూరం నుంచి విసిరిన ఆ షాట్లన్నీ చెడ్డ షూటింగ్ కాదు, లేటుగా మొదలుపెట్టిన పొజెషన్లు (బాల్ మన చేతిలో ఉండే ఒక్కో వంతు).

ఇక టైమౌట్ సంగతి. కాలేజీలో బాల్ పట్టుకున్న ప్లేయర్ ఇరుక్కుపోతే తనే టైమౌట్ అడిగి బయటపడొచ్చు. ఫీబాలో ఆ వీల్లేదు, అడగాల్సింది కోచే, అదీ టేబుల్ దగ్గర, ఇచ్చేది బాల్ డెడ్ అయ్యి క్లాక్ ఆగినప్పుడు, లేదా మన మీద బాస్కెట్ పడ్డాక. మొదటి మ్యాచ్‌లో సైడ్‌లైన్ దగ్గర ఇద్దరు మీద పడ్డప్పుడు మనోడు రిఫరీ వైపు తిరిగి చేతులతో టీ గుర్తు చూపించబోయాడు గుర్తుందా, రిఫరీ చూసీ చూడనట్టు ఊరుకున్నాడు, ఈలోపు బాల్ పోయింది, అటు లేఅప్. ఆ లేఅప్ పడ్డాక మన కోచ్‌కి టైమౌట్ తీసుకునే ఛాన్స్ ఉంది, ఆ మాటకొస్తే వాళ్లు కొట్టిన ప్రతి బాస్కెట్ తర్వాతా ఉంది. అయినా తీసుకోలేదంటే కావాలనే. నవంబర్‌లో ఓడితే లెక్కలోకి వస్తది కాబట్టి అప్పుడు కుర్రాణ్ణి అలా నీళ్లలో వదిలేయలేడు, ఇక్కడ వదిలేశాడు. నాకైతే టూర్ మొత్తం మీద కోచ్ చేసిన మంచి పని అదే.

ఇప్పుడు చివరి మ్యాచ్ మూడో క్వార్టర్లో ఒక పొజెషన్ చెప్తా, వీలైతే వెనక్కి వెళ్లి చూడండి. రీబౌండ్ అందగానే తల ఎత్తాడు, ప్లే పిలవలేదు, మన బిగ్ (పొడుగు ప్లేయర్) పరిగెడుతూనే పైన స్క్రీన్ పెట్టాడు. వాళ్ల బిగ్ బాగా పైకి వచ్చి అడ్డం పడ్డాడు. మొదటి మ్యాచ్‌లో ఇక్కడే డ్రిబుల్ ఆపేసి గాల్లోకి లేచి పాస్ వెతుక్కునేవాడు. ఈసారి బాల్ చావనివ్వకుండా రెండు డ్రిబుల్స్ వెనక్కి వేశాడు, ఇద్దరూ వాడితో పాటు బయటికి వచ్చేశారు, అప్పుడు ఫ్రీ త్రో లైన్ దగ్గర ఖాళీగా ఉన్న మన బిగ్‌కి ఇచ్చాడు, బిగ్ కార్నర్‌కి ఇచ్చాడు, త్రీ పడింది. బాక్స్‌స్కోర్‌లో అసిస్ట్ బిగ్‌ది, మనోడి పేరు పక్కన సున్నా. కానీ ఆ బాస్కెట్ వాడిదే. ఇలాంటివి వెతుక్కోండి, మిగతాది వదిలేయండి.

చివరి_వరస:
అందరూ మ్యాచ్‌ల గురించే మాట్లాడుతున్నారు, అసలు లాభం టూర్ కంటే ముందే అయిపోద్ది. టూర్‌కి వెళ్లే టీమ్‌కి బయల్దేరే ముందు 10 రోజులు అదనంగా పూర్తి ప్రాక్టీస్ ఇస్తారు, మామూలు సమ్మర్‌లో వారానికి ఇన్ని గంటలే అని కోత ఉంటది. అది కూడా నాలుగేళ్లకి ఒకసారే దొరికే ఛాన్స్. వింగ్ ప్లేయర్‌కి (పక్కల్లో ఆడేవాడికి) పది ప్రాక్టీసులు అంటే పది ప్రాక్టీసులే, కొత్త పాయింట్ గార్డ్‌కి మాత్రం ఎవడికి బాల్ ఎక్కడిస్తే ఇష్టం, ఎవడు తిడితే ముడుచుకుంటాడు లాంటివన్నీ తెలుసుకునే టైమ్. అంతేకాదు బస్సులో, హోటల్లో అందరితో కలిసి తిరగడం, సీనియర్లని పేరు పెట్టి గట్టిగా పిలిచే ధైర్యం అక్కడే వస్తది.

పాత_జెర్సీ:
పాత కథలు రెండు చెప్తా. 2014 ఆగస్టులో కెంటకీ కాలేజీ టీమ్ బహామాస్ వెళ్లింది, ఎదురుగా డొమినికన్ రిపబ్లిక్ నేషనల్ టీమ్, ఫ్రాన్స్ నుంచి ఒక ప్రో క్లబ్ లాంటివి ఉన్నాయి, అంటే బాబాయ్ చెప్పిన సెలవుల బ్యాచ్ కాదు. అప్పుడు టైలర్ యూలిస్ ఫ్రెష్‌మన్, ఎత్తు 5 అడుగుల 9 అంగుళాలు, ముందు గార్డ్‌లుగా హారిసన్ కవలలు ఉన్నారు కాబట్టి స్టార్టర్ కాదు. ఆ ఏడు టీమ్ వరసగా 38 గెలిచి ఫైనల్ ఫోర్‌లో (నేషనల్ టోర్నీ సెమీస్) విస్కాన్సిన్ చేతిలో ఓడింది. 2016కి యూలిస్ ఎస్‌ఈసీ (కెంటకీ ఆడే కాన్ఫరెన్స్) ప్లేయర్ ఆఫ్ ది ఇయరూ, డిఫెన్సివ్ ప్లేయర్ ఆఫ్ ది ఇయరూ రెండూ కొట్టాడు.

రెండోది 2015 కాన్సాస్ కాలేజీ. అది ఎగ్జిబిషన్ కాదు, కొరియాలోని గ్వాంగ్జూలో వరల్డ్ యూనివర్సిటీ గేమ్స్, అమెరికా తరఫున దాదాపుగా ఈ కాలేజీ టీమే వెళ్లింది, ఫీబా రూల్సే. గార్డ్ డెవాంటే గ్రాహం గాయంతో ఆడలేదు, దాంతో బాల్ మోసే భారం ఇంకో గార్డ్ ఫ్రాంక్ మేసన్ మీద ఎక్కువ పడింది. ఫైనల్ జర్మనీ మీద, రెండు ఓవర్‌టైమ్‌లు పోయి గోల్డ్ వచ్చింది. అక్కడ ఎక్కువ పాయింట్లు వేన్ సెల్డన్‌వి, అందరూ అతని గురించే మాట్లాడారు. రెండేళ్ల తర్వాత 20.9 పాయింట్లు, 5.2 అసిస్ట్‌ల యావరేజ్‌తో నేషనల్ ప్లేయర్ ఆఫ్ ది ఇయర్ అయ్యింది మేసన్. అది ఆ సమ్మర్ వల్లే అని నేననను, మనిషి మొదటి నుంచీ మొండోడు. పైగా అప్పటికే రెండు సీజన్లు ఆడేసున్నాడు, మనోడు ఇంకా ఒక్క అసలు మ్యాచ్ ఆడలేదు.

బాక్స్‌స్కోర్_బాబాయ్:
కథలు బాగున్నాయి కానీ టూర్‌లో మెరిసి నవంబర్‌లో మాయమైనోళ్ల లిస్టు ఇంకా పెద్దది, వాళ్ల పేర్లు ఎవరికీ గుర్తుండవు అంతే 😀 క్లిప్‌బోర్డ్ అన్నా, ఆ కార్నర్ త్రీ పొజెషన్ వెళ్లి చూశా, నిజంగానే బాగుంది, ఒప్పుకుంటున్నా. కానీ డిఫెన్స్ సంగతి ఎవరూ ఎత్తట్లేదేంటి? ముప్పై ఏళ్ల గార్డ్‌లు తుంటితో ఒక్క తోపు తోస్తే మనోడు రెండడుగులు పక్కకి పోతున్నాడు. ప్రతి స్క్రీన్‌కీ అతుక్కుపోతున్నాడు.

బాల్కనీ_సీటు:
అందరికీ థాంక్స్, టైమౌట్ విషయం ఇప్పుడు క్లియర్. డిఫెన్స్ నేనూ గమనించా, బాబాయ్ అన్నట్టు స్క్రీన్ దగ్గర కష్టపడుతున్నాడు. మరి అన్నా, తిరిగొచ్చాక క్లాక్ మళ్లీ 30 అవుద్ది కదా, నేర్చుకున్నది పోతుందా? స్టార్టర్ చేయాలా వద్దా, ఒక్క మాటలో చెప్పండి.

క్లిప్‌బోర్డ్_అన్న:
ఒక్క మాటలో అంటే, వద్దు, డిసెంబర్ దాకా బెంచ్ నుంచే రానివ్వాలి. డిఫెన్స్‌లో బాబాయ్ చెప్పింది బలం సమస్య, పద్దెనిమిదేళ్లోడికి అది వెయిట్ రూమ్‌లో తీరాల్సిందే, టూర్‌తో వచ్చేది కాదు. స్క్రీన్ వస్తోందని ముందే చెప్పాల్సింది వెనకున్న మన బిగ్, వాడు నోరు విప్పట్లేదు, అందులో సగం తప్పు వాడిది.

ఆ 30 సెకన్ల భయం నాకూ ఉంది. ఎక్కువ టైమ్ ఇస్తే పిల్లలు మళ్లీ తాపీగా నడుచుకుంటూ వస్తారు. నేనైతే ప్రాక్టీస్‌లో క్లాక్ 24 మీదే ఉంచుతా. సీజన్ ముందు ఇంట్లో ఆడే ఎగ్జిబిషన్‌లో ఒకటి చూడు, మన సీనియర్ గార్డూ వీడూ ఇద్దరూ ఫ్లోర్ మీద ఉన్నప్పుడు రీబౌండ్ పట్టినోడు బాల్ ఎవరికి ఇస్తున్నాడో. అడక్కుండానే వీడి చేతికి వస్తుంటే అప్పుడు స్టార్టర్ గురించి మళ్లీ మాట్లాడుకుందాం.