సమస్య: “సాక్షిఁ జంపిన నేరము సమసిపోయె”

నిర్వాహకుడు: తేటగీతి పాదం. రంగం 2011లో వచ్చిన ‘స్కైరిమ్’ వీడియో ఆటలోని రాజ్యం. అక్కడి ఏలికలూ తీర్పులూ దాటి పోకుండా పూరించండి.

బాటసారి:

హత్య కొక్కఁడె చూపరి, యతని వలన
వేయి నాణెముల్ తలపైన వెలసె నపుడె;
వెంటఁ బడి వానిఁ గత్తితో వేసి నంత
సాక్షిఁ జంపిన నేరము సమసిపోయె

నిర్వాహకుడు: లెక్క సరిగ్గా పట్టారు. తలమీద వెల దాడికి 40 నాణేలు, హత్యకు 1000. చూసినవాళ్లలో ఆఖరివాడు పోతే ఆ వెల రద్దయినట్టు తెరమీద అక్షరాలు పడతాయి. రెండో హత్య మాటేమిటంటారా? దానికి సాక్షి లేడుగా! అయితే ‘వేసినంత’ అన్నాక మళ్లీ ‘చంపిన’ దేనికి? పునరుక్తి.

గడ్డిపూవు: నేను ‘చంపినన్’ అని కాక, ‘సాక్షిని చంపినట్టి నేరము’ అని తీసుకున్నాను. ‘థేను’ అంటే సీమ ఏలిక ఇచ్చే గౌరవ పదవి.

ఏలికయె థేను పదవి న న్నెక్కఁ జేసె;
కావలి భటుఁడు చేయెత్తి కదలనీక
ఆపఁగా, పేరు చెప్పితి నంతె యపుడె
సాక్షిఁ జంపిన నేరము సమసిపోయె

నిర్వాహకుడు: సీమ పాలకుడైన ‘జార్ల్’ను ‘జారుఁడు’ చేయకుండా ‘ఏలిక’తో గట్టెక్కారు, సంతోషం! ‘కదలనీక యాపఁగా’ అంటే పాదం మొదట అచ్చు తప్పుతుంది, యతీ చెడదు. ఒక్క సంగతి: థేన్ హోదా ఆ ఒక్క సీమలోనే చెల్లుతుంది, అదీ ఒక్కసారే. తొమ్మిది సీమలకూ తొమ్మిది నేరాల పద్దులు. వైట్‌రన్‌లో తలమీద వెల ఉన్నవాడు వేరే సీమలోని రిఫ్టెన్ సంతలో దర్జాగా తిరుగుతాడు.

సాయంసంధ్య: నాది హెల్గెన్ ఊళ్లో జరిగే ఆట మొదటి ఘట్టం: బందీగా ఉన్న ఆటగాడి తల తీయబోతారు.

పట్టికను లేని పేరని పలికె లేఖ
కుండు, “పట్టిక విడు, తల కొట్టు” మనియె
దండనాయిక, యతఁడూఁచెఁ దల, నిజాత్మ
సాక్షిఁ జంపిన నేరము సమసిపోయె

గడ్డిపూవు: పట్టిక చదివే హాడ్వార్ లేఖకుడు కాదండీ, సైనికుడు.

సాయంసంధ్య: చేతిలో జాబితా ఉంది కదా, సరిపెట్టుకోండి.

నిర్వాహకుడు: ‘నిజాత్మసాక్షి’ విరుపుతో సమస్య తల తిరిగిపోయింది. మిగతా రెండింటిలో నేరం చేసి తప్పించుకున్నది ఆటగాడు. ఇక్కడ విచారణ లేదు, నేరమేమిటో కూడా ఎవరూ చెప్పరు, అయినా తల మొద్దుమీదికి పోతుంది. ఊరంతా చూస్తూనే ఉంటుంది, ఒక్కరూ సాక్షిగా లెక్కకు రారు. ఈ వారానికి నా ఓటు దీనికే. ‘తల కొట్టు’, ‘ఊఁచెఁ దల’ దగ్గరదగ్గరగా పడటం మాత్రం చెవికి గుచ్చుకుంది.

బాటసారి: నా మూడో పాదం మార్చాను: “వెంటఁ బడి వానిఁ గొండపై వెదకి, తుదకు”. పునరుక్తి పోయినట్టేనా?

నిర్వాహకుడు: పోయింది.

గడ్డిపూవు: ఆట తయారీలో ఉన్నప్పుడు కోళ్లు కూడా నేరాలు చూసి ఫిర్యాదు చేసేవట, ఆ పొరపాటు తర్వాత దిద్దారు. దానిమీద ఒకటి వేయండి.

బాటసారి: మొదటి పాదం ఇదిగో, మిగతాది మీరు కానివ్వండి: “హత్యకుం గోడి యొక్కటె యచట సాక్షి”.