బడికి పంపని పిల్లలు స్కూల్ గేమ్స్‌లో ఆడొచ్చా? మీ అనుభవాలు చెప్పండి

జడ్చర్ల అమ్మ

అందరికీ నమస్కారం. మాది జడ్చర్ల దగ్గర పల్లె. మా పాపకు పన్నెండేళ్ళు. 2020 మార్చిలో కరోనాకు బడులు మూసేనాటికి రెండో తరగతి. అక్షరాలు తారుమారుగా రాస్తుందని బడిలో చివరి బెంచీలో కూర్చోబెట్టేవాళ్ళు, రోజూ ఏడుస్తూ ఇంటికి వచ్చేది. నేను బీఈడీ చదివాను కాబట్టి కరోనాలో ఇంట్లోనే చెప్పడం మొదలుపెట్టాను. ఆ ఏడుపు ఆగింది. బడులు తెరిచాక మళ్ళీ పంపబుద్ధి కాలేదు. ఇప్పుడు తెలుగు, ఇంగ్లిష్ రెండూ చదువుతుంది, లెక్కలు బాగా చేస్తుంది.

ఆట ఒక్కటే ఇంట్లో కుదరలేదు. పాపకు ఖోఖో అంటే ప్రాణం. ఇంట్లో ముగ్గురమే ఉన్నాం, ఎనిమిది మంది వరసగా కూర్చోవాల్సిన ఆట ఎట్లా ఆడాలి? మా ఊరి జిల్లా పరిషత్ హైస్కూల్ పీఈటీ మేడం మంచి మనిషి. రెండేళ్ళుగా సాయంత్రం నాలుగున్నరకు పాపను గ్రౌండ్‌కి రానిస్తున్నారు. పోల్ దగ్గర డైవ్ కొట్టి మనిషిని పట్టడం అక్కడే నేర్చుకుంది. మోచేతుల మీద చర్మం లేచిపోయినా మర్నాడు మళ్ళీ పోతుంది.

మొన్న మండల స్థాయి ఎస్‌జీఎఫ్ (స్కూల్ గేమ్స్ ఫెడరేషన్) పోటీలకు ఎంట్రీ ఫారాలు నింపారు. పేరు, తండ్రి పేరు, పుట్టిన తేదీ, రెండు పుట్టుమచ్చలు. పాపకు కుడి చెంప మీద ఒకటి, మెడ కింద ఒకటి ఉన్నాయని మేడమే చూసి రాశారు. తర్వాతి గడి అడ్మిషన్ నంబర్. అక్కడ మేడం పెన్ను ఆగిపోయింది. నా మొఖం చూశారు. నేనేం చెప్పను?

పోటీ రోజు అయినా పోతానంది, వెంట నేనూ పోయాను. లోపలికి దిగిన తొమ్మిది మంది చెప్పులు తెచ్చి వేపచెట్టు కింద జతలు జతలుగా పేర్చింది. మ్యాచ్ అయ్యేదాకా వాటి పక్కనే కూర్చుంది. లోపల ఎవరు ఖో ఇచ్చినా ఇక్కడ దీని మోకాళ్ళు లేచేవి. రాత్రి పడుకునేముందు, "అమ్మా, నేను వాళ్ళ టీమే కదా, మరి నన్నెందుకు ఆడనియ్యలే?" అని అడిగింది.

బడి గ్రౌండ్ ఊరందరిదీ. ఊళ్ళో పిల్ల ఎక్కడ చదివినా ఊరి టీంలో ఆడనివ్వాలనేది నా అభిప్రాయం. మీలో ఎవరైనా ఇట్లా పిల్లల్ని ఇంట్లో చదివిస్తూ పోటీలకు పంపారా? ఎట్లా పంపారు?

నల్లగొండ పీఈటీ

అమ్మా, నేను ఉమ్మడి నల్లగొండలో జెడ్పీ స్కూళ్ళలో పందొమ్మిదేళ్ళుగా పీఈటీని. మీరు చెప్పిన చెప్పుల సంగతి చదివి కాసేపు ఏం రాయాలో తోచలేదు. అయినా ఉన్న మాట చెప్పాలి. ఆ మేడం సరైన పనే చేశారు.

స్కూల్ గేమ్స్ అంటే బడికీ బడికీ మధ్య పోటీ. ఫొటో మీద హెడ్‌మాస్టర్ సంతకం, స్టాంపు పడితేనే ఫారం చెల్లుతుంది. అండర్-14 అంటే ఆ ఏడాది డిసెంబరు 31 నాటికి లెక్క. పుట్టిన తేదీకి, బడిలో పేరుకి, రెండింటికీ హెడ్‌మాస్టరే జవాబుదారీ. బయటి పిల్లని ఆడించారని ఎదుటి టీం కాగితం మీద రాసిస్తే ఆ ఒక్క పిల్లని పక్కన పెట్టి ఊరుకోరు, టీం మొత్తం పోతుంది. కొన్నేళ్ళ కింద డివిజన్ పోటీల్లో ఒక టీంకి అట్లాగే అయింది. బాగా ఆడి సెమీఫైనల్ దాకా వచ్చిన పిల్లలు. పన్నెండు మందీ డ్రస్సు మార్చుకోకుండానే బస్సు ఎక్కారు. తప్పు చేసింది పెద్దవాళ్ళు, ఏడ్చింది పిల్లలు. అది నేను కళ్ళారా చూశాను.

మీ పాపకు వేరే దారులు ఉన్నాయి. ఖోఖో అసోసియేషన్ జిల్లా సబ్ జూనియర్ సెలెక్షన్స్‌కి బడి పేరుతో పని లేదు, జిల్లా పేరు మీద ఆడతారు. వయసు రుజువు ఉంటే చాలు. 2024 డిసెంబరులో జరిగిన సీఎం కప్ గ్రామ పంచాయతీ స్థాయి నుంచే మొదలైంది, పిల్లలు ఊరి పేరు మీద ఆడారు. మళ్ళీ పెట్టినప్పుడు వదలొద్దు. మే నెలలో జిల్లా క్రీడల శాఖ వేసవి శిబిరాలకు కూడా బోనఫైడ్, అంటే ఫలానా బడిలో చదువుతున్నట్టు ఇచ్చే కాగితం, అక్కర్లేదు.

మిర్యాలగూడ నాన్న

మా బాబుకు పదిహేనేళ్ళు. మూడో తరగతి నుంచి ఇంట్లోనే. లాంగ్ జంప్ చేస్తాడు. పొద్దున ఐదున్నరకు ఎన్‌ఎస్‌పీ క్యాంపు గ్రౌండ్‌లో ప్రాక్టీస్. గుంటలో ఇసుక మేమే ట్రాలీతో పోయించాం.

అథ్లెటిక్స్‌లో పీఈటీ సార్ చెప్పిన దారి బాగా పనిచేస్తుంది. అథ్లెటిక్స్ ఫెడరేషన్ వాళ్ళ జాతీయ అంతర్ జిల్లా మీట్‌లో అండర్-14, అండర్-16 విభాగాలు ఉంటాయి. దానికి మన జిల్లాలోనే సెలెక్షన్స్ పెడతారు. బర్త్ సర్టిఫికెట్, ఆధార్ పట్టుకుని పోయాం, ఏ బడి అని ఒక్కరూ అడగలేదు. వయసు మీద అనుమానం వస్తే ఎడమచేతి మణికట్టు ఎక్స్‌రే తీసి ఎముకల వయసు చూస్తారు. అందుకే పుట్టిన తేదీ విషయంలో ఒక్క రోజు కూడా అటూ ఇటూ చేయకండి.

అయితే ఒకటి. గెంతడం ఒక్కడి పని, పరిగెత్తడం ఒక్కడి పని. మీ పాపది టీం ఆట. జిల్లా సెలెక్షన్‌కి పోవాలన్నా ముందు ఏడాదంతా ఎవరితోనో కలిసి ఆడాలి కదా. ఆ ఆడేది బడి గ్రౌండ్‌లోనే. ఆ మేడంతో స్నేహం మాత్రం చెడగొట్టుకోవద్దు. చదువు సంగతికొస్తే, పద్నాలుగేళ్ళు నిండితే ఓపెన్ స్కూల్లో పది రాయొచ్చు. మావాడు ఆ పనిలోనే ఉన్నాడు.

దేవరకొండ తల్లి

నాకు వేరే అభిప్రాయం ఉంది, కోపగించుకోవద్దు.

మా బిడ్డ తండా నుంచి బడికి నడిచిపోతుంది. సెలవు రోజుల్లో నాతో పత్తి తీస్తుంది. బడిలో ఆటల పీరియడ్ ఉంటే ఉన్నట్టు, లెక్కల సారు తీసుకుంటే లేనట్టు. అట్లా ఆడి ఆడి టీంలో పన్నెండో పేరుగా నిలబడింది. ఇంట్లో చదివే పిల్లకు పొద్దున, సాయంత్రం ఆడుకునే టైం ఉంటుంది. ఆ పిల్ల వచ్చి టీంలో చేరితే పోయేది మొదటి పేరు కాదు, పన్నెండో పేరు. అంటే మా బిడ్డ పేరు.

ఇంకోటి. మా బిడ్డ పరీక్ష తప్పితే, నెలలో వారం రోజులు బడి ఎగ్గొడితే సారు ఆటకు తీసుకుపోడు. ఇంట్లో చదివే పిల్లకు ఈ లెక్క ఎవరు చూస్తారు? అమ్మే టీచరు, అమ్మే హెడ్‌మాస్టరు. మీ పాప బాగా చదువుతుందనే నమ్ముతున్నా. అందరిండ్లల్లో అట్లా ఉండదు కదా.

కోదాడ నుంచి ఫ్లోరిడా

దేవరకొండ అక్కా, మీరు అడిగిన ఈ రెండు ప్రశ్నల మీదే అమెరికాలో ఏళ్ళ తరబడి కొట్లాట జరిగింది. మాది కోదాడ. ఇక్కడ ఫ్లోరిడాలో మా పక్కింటివాళ్ళు పిల్లల్ని ఇంట్లోనే చదివిస్తారు, వాళ్ళ పెద్దోడు ప్రభుత్వ హైస్కూల్ టీంలో బేస్‌బాల్ ఆడతాడు. 1996 నుంచి ఈ రాష్ట్రంలో చట్టమే ఉంది. ఇంట్లో చదివే పిల్లలు తాము ఉండే ఏరియా ప్రభుత్వ స్కూల్ టీం ట్రయల్స్‌కి పోవచ్చు. బడి పిల్లలకు ఉన్న నియమాలే వీళ్ళకూ ఉంటాయి. ఇంట్లో చదివిస్తున్నామని జిల్లా విద్యాధికారికి రాసివ్వాలి, ఏటా చదువు ఎంతవరకు వచ్చిందో మూల్యాంకనం చేయించి చూపాలి. అమ్మ మాట ఒక్కటే సరిపోదు.

టిమ్ టీబో పేరు వినే ఉంటారు. ఇంట్లోనే చదువుకున్నాడు, ఈ చట్టం వల్లే నీస్ హైస్కూల్‌కి అమెరికన్ ఫుట్‌బాల్ ఆడాడు. 2007లో కాలేజీ ఆటగాళ్ళకిచ్చే హైస్‌మన్ ట్రోఫీ గెలిచాడు. వేరే రాష్ట్రాల్లో ఇలాంటి బిల్లులను ఆయన పేరుతోనే పిలుస్తారు. అయితే తనకు కావలసిన స్థానంలో ఆడించే స్కూల్ కోసం వాళ్ళమ్మతో కలిసి ఆ స్కూల్ ఉన్న కౌంటీలో (మన జిల్లా లాంటిది) ఇల్లు తీసుకుని మారాడు. ఇంట్లో చదివేవాళ్ళకు బడి ఎంచుకునే వీలు ఎక్కువ, అది బడి పిల్లలకు ఎక్కడుంటుందని అప్పట్లో గొడవ అయింది. ఆ అభ్యంతరం నాకు న్యాయంగానే కనిపిస్తుంది. అందుకే నేననేది, తలుపు తెరవాలి, కానీ ఊరి పిల్ల ఊరి బడికే ఆడాలి. టెక్సస్‌లో 2021లో చట్టం తెచ్చినా, ఆడనివ్వాలా వద్దా అన్నది ఏ స్కూల్ డిస్ట్రిక్ట్‌కి (ఒక ప్రాంతంలోని ప్రభుత్వ బడులను నడిపే సంస్థ) ఆ డిస్ట్రిక్ట్‌కే వదిలేశారు.

పాలమూరు వాసి

ఎందుకు ఇంత తిప్పలు? చిన్న ప్రైవేటు స్కూల్లో పేరు రాయిస్తే సరి. ఫీజు కడితే బోనఫైడ్ ఇస్తారు, పాప ఇంట్లోనే ఉంటుంది. చాలామంది చేస్తున్నదే.

నారాయణపేట నాన్న

ఆ పని మేం చేశాం. దయచేసి మీరు చేయొద్దు. నేను ఇప్పటిదాకా ఈ సంగతి ఎక్కడా చెప్పలేదు.

మావాడు వాలీబాల్ ఆడతాడు. ఆరేళ్ళ కింద మాట. మా దగ్గరి ఒక స్కూల్లో పేరు మాత్రం రాయించాం, చదివేది ఇంట్లోనే. టీంలో చేరాడు. జిల్లా పోటీలకు పోయినప్పుడు రాత్రి అందర్నీ ఒకే హాల్లో పడుకోబెట్టారు. పిల్లలు మాట్లాడుకుంటారు కదా. "నువ్వు ఏ సెక్షన్? మీ సైన్స్ సారు ఎవరు?" అని పక్క స్కూల్ పిల్లలు అడిగితే మావాడు తోచిన పేరు చెప్పాడు. సొంత టీం పిల్లలు నవ్వారు. వాళ్ళకు తెలుసు వీడు బడికి రాడని. ఆ రాత్రి నాకు ఫోన్ చేసి, "నానా, నన్ను తీసుకుపో" అన్నాడు. ఎందుకో చెప్పలేదు. నేను టెన్షన్‌తో బండి మీద పోయేసరికి గేటు బయట బ్యాగు తగిలించుకుని నిలబడి ఉన్నాడు.

సర్టిఫికెట్ వచ్చింది. ఇప్పటికీ బీరువాలో ఉంది. వాడు దాన్ని ఎవరికీ చూపడు. పదమూడేళ్ళ పిల్లాడి చేత అబద్ధం చెప్పించింది నేనే. ఆ తర్వాత రెండేళ్ళు బంతి ముట్టుకోలేదు.

నల్లగొండ పీఈటీ

నారాయణపేట అన్నా, రాసినందుకు కృతజ్ఞతలు. ఆ మాట ఎంతో మంది తల్లిదండ్రులు వినాలి. చట్టం వైపు నుంచి కూడా చెప్తున్నా, జాతీయ స్కూల్ గేమ్స్ సర్టిఫికెట్‌కి కేంద్ర ఉద్యోగాల క్రీడా కోటాలో విడిగా ఫారం 4 ఉంది. రేపు ఉద్యోగం దగ్గర పాత రిజిస్టర్లు తిరగేస్తారు. అప్పుడు దొరికితే ఆట పోతుంది, ఉద్యోగమూ పోతుంది.

అచ్చంపేట తమ్ముడు

అందరూ ఇంట్లో చదివే పిల్లల గురించే మాట్లాడుతున్నారు. మా దిక్కు బడి బయట ఉండే పిల్లలు వేరే రకం. నేను అందులో ఒకణ్ణి.

మా అమ్మానాన్న గుంపు మేస్త్రీతో పుణెకు పనికి పోయేవాళ్ళు. దసరా అయినంక పోతే ఉగాదికి తిరిగొచ్చేది. నేనూ వెంటే. ఆరో తరగతిలో వచ్చేసరికి రిజిస్టర్లో నా పేరు మీద ఎర్ర గీత ఉంది. అప్పటికి మా మండలంలో 800 మీటర్లు నాకంటే ముందు ఉరికే పిల్లగాడు లేడు. మీట్ రోజు గోడ ఎక్కి చూసిన. గెలిచినోడు నాకు తెలిసినోడే, సాయంత్రాలు నా ఎనుక ఉరికేటోడు.

ఆ తర్వాత ఒక టీచరమ్మ నాన్నతో మాట్లాడి మళ్ళీ చేర్పించింది. విద్యాహక్కు చట్టం 2009లో వచ్చింది, 2010 ఏప్రిల్ 1 నుంచి అమల్లో ఉంది. ఆరు నుంచి పద్నాలుగేళ్ళ పిల్ల ఎప్పుడొచ్చినా వయసుకు తగ్గ తరగతిలో చేర్చుకోవాలి. ఏడాది మధ్యలో వచ్చినా వద్దనొద్దు. టీసీ లేదని, వయసు కాగితం లేదని ఆపొద్దు. ఈ సంగతి నాకు చాలా లేటుగా తెలిసింది.

జడ్చర్ల అక్కా, మీ పాప రేపు పోయినా ఏడో తరగతిలో చేర్చుకోవాల్సిందే. మీకు ఇష్టముందా లేదా అన్నదే ప్రశ్న. చేరితే మాత్రం నిజంగా పంపండి. పేరుకు కాదు.

మిర్యాలగూడ నాన్న

తమ్ముడూ, నువ్వు రాసింది చదివాక మా ఇంట్లో ఇదే మాట నడుస్తోంది. ఇసుక గుంట దగ్గరకు మా వీధి చివర ఇటుక బట్టీ పిల్లలు ఇద్దరు వచ్చి నిలబడి చూసేవాళ్ళు. ఇవాళ పొద్దున పిలిచి దూకించాం.

దేవరకొండ తల్లి

జడ్చర్లమ్మా, మీ పాప బడిలో చేరి ఆడితే నాకు ఏ అభ్యంతరమూ లేదు. నా బిడ్డతో పోటీ పడి గెలిస్తే గెలవనీ. ఇద్దరూ ఒకే హాజరు పట్టీలో ఉంటే అది సరిసమానం. చివరి బెంచీ సంగతి నాకూ తెలుసు, మా బిడ్డకూ అయింది. మీరు టీచరు చదువు చదివినవాళ్ళు, బడికి పోయి అడగండి. నాలాంటి దాని మాట వినరు కానీ మీ మాట వింటారు.

జడ్చర్ల అమ్మ

నాలుగు రోజులు రాయలేకపోయాను. అందరి మాటలూ రెండుసార్లు చదివాను, కొన్ని పాపకు కూడా చదివి వినిపించాను.

ఊరి పిల్లని ఊరి టీంలో ఆడనివ్వాలన్న నా మాట మారలేదు. ఫ్లోరిడాలోలాగా ఏటా చదువు చూసి ఆడనిచ్చే పద్ధతి మన దగ్గరా రావాలి. కానీ అది వచ్చేసరికి మా పాప పెద్దదైపోతుంది. దొంగ బోనఫైడ్ మాత్రం తీసుకోం. దేవరకొండ అక్క చెప్పిన పన్నెండో పేరు సంగతి నాకు అంతకుముందు తట్టనే లేదు.

నిన్న సాయంత్రం గ్రౌండ్ నుంచి వచ్చి కాళ్ళు కడుక్కుంటుంటే అడిగాను, బడిలో చేరతావా అని. కాసేపు ఏమీ అనలేదు. తర్వాత, "చివరి బెంచీలో కూర్చోబెడతారా?" అంది. పీఈటీ మేడంతో మాట్లాడితే, ఏడో తరగతి క్లాస్ టీచర్‌తో తనే చెప్తానన్నారు. 2025 జనవరిలో ఢిల్లీలో ఖోఖో మొదటి ప్రపంచకప్ మన ఆడవాళ్ళు గెలిచిన మ్యాచ్ పాప ఫోన్‌లో మళ్ళీ మళ్ళీ చూస్తుంటుంది. రాత్రి దాన్ని ఆపేసి, తెలుగు వాచకం తీసుకుని పైకి చదివింది. ఎందుకంటే చెప్పలేదు.

సోమవారం హెడ్‌మాస్టర్ గారి దగ్గరికి పోతున్నాం. పీఈటీ సార్, ఏమేం పట్టుకుపోవాలి?

నల్లగొండ పీఈటీ

బర్త్ సర్టిఫికెట్, ఆధార్ జిరాక్సులు, నాలుగు ఫొటోలు. పాత బడి నుంచి ఏ కాగితం ఉన్నా తీసుకుపోండి, లేకపోయినా ఆగొద్దు. అక్షరాల ఇబ్బంది గురించి మొదటి రోజే చెప్పండి, దాచొద్దు. ఈ ఏడాది మండల పోటీలు అయిపోయాయి కాబట్టి జిల్లా సబ్ జూనియర్ సెలెక్షన్స్ తేదీ కనుక్కుని ఇక్కడే పెడతాను. అందాకా సాయంత్రం ప్రాక్టీస్ ఒక్క రోజూ మానొద్దు. మోచేతులకు కొబ్బరినూనె రాసి, పొడుగు చేతుల టీషర్ట్ వేసి పంపండి.