మైకొనోస్ బీచ్ క్లబ్‌లో సన్‌బెడ్‌కి అంత కట్టొచ్చా? అసలు ఆ ఇసక ఎవరిది?

లావణ్య_డల్లాస్:
అందరికీ నమస్తే. సెప్టెంబర్‌కి మా పెళ్ళయి పదేళ్ళవుతుంది, మేమిద్దరమే గ్రీస్ వెళ్తున్నాం, ఏథెన్స్ రెండ్రోజులు, మైకొనోస్ ద్వీపం నాలుగు రోజులు. మా ఆయనకి అక్కడ బీచ్ క్లబ్‌లో ఒక రోజంతా గడపాలని బాగా ఉంది. మెయిల్ పెడితే నీళ్ళ పక్కనున్న ముందు వరసలో ఇద్దరికీ కలిపి మినిమమ్ స్పెండ్ 400 యూరోలు, వెనక వరసలైతే 200 అన్నారు. ఒక గొడుగు రెండు మంచాలు. నాకు మాత్రం ఇసక మీద పడుకోడానికి ఇంతా అని మనసొప్పట్లేదు. వెళ్ళొచ్చినవాళ్ళు ఎవరైనా ఉంటే చెప్పండి ప్లీజ్.

కృష్ణమోహన్_సికింద్రాబాద్:
లావణ్య గారూ, ముందు వరసే తీసుకోండి, ఆలోచించకండి. నేను 2022లో ఒకసారి 2024లో ఒకసారి ఫ్యామిలీతో పోయిన. మినిమమ్ స్పెండ్ అంటే అద్దె కాదు, ఆ డబ్బులో మీరు తినొచ్చు తాగొచ్చు. లంచ్ ఇద్దరికి, చేప, సలాడ్, రెండు డ్రింకులు, నీళ్ళు, సాయంత్రం ఇంకేదన్నా అంటే అక్కడి రేట్లకి 400 ఎట్లైనా అయితది. పొద్దున పదింటికి పోయి సాయంత్రం దాకా ఉండండి. జులై ఆగస్టుల్లో మెల్టెమి అని ఉత్తరపు గాలి దంచికొడ్తది, అందుకే క్లబ్బులు ఎక్కువ శాతం దక్షిణం వైపు ఉంటయి, ప్లాటిస్ యాలోస్, పరాగా, సూపర్ ప్యారడైజ్ బీచ్‌లు, ఆ వైపు కొండలు అడ్డం ఉంటయి, నీళ్ళు చెరువు లెక్క ఉంటయి. సెప్టెంబర్‌లో గాలి కొంచెం తగ్గుతది. పదేళ్ళకి ఒక్కసారి, పెట్టండి.

లెక్కల_మాస్టారు:
తొందరపడకండి. మినిమమ్ స్పెండ్, బెడ్ అద్దె ఒకటి కాదు. కొన్నిచోట్ల బెడ్‌కి వేరే, తిండికి వేరే. ఆ 400 పూర్తిగా మెనూలో వాడుకోవచ్చా లేదా అని మెయిల్‌లో రాయించుకోండి. గ్రీస్‌లో రసీదు ఇవ్వకపోతే కస్టమర్ డబ్బు కట్టక్కర్లేదు అని ప్రతి హోటల్లో బోర్డు పెట్టాలి, అది చట్టం. రసీదు అడగండి.

సోంపేట_సుధాకర్:
అమ్మా లావణ్యా, నేను క్రూయిజ్ షిప్పులో కేబిన్ స్టివార్డ్‌గా ఆరేళ్ళు చేశాను, మైకొనోస్ ఎన్నిసార్లు దిగానో లెక్కలేదు. డబ్బు మీ ఇష్టం. నా బాధ వేరు. ఆ ఇసక క్లబ్బువాళ్ళది కాదు. ప్రభుత్వం దగ్గర వేలంలో పాడుకుని కొంత ముక్క వాడుకుంటారంతే, మిగతాది జనానికి వదలాలి. వాళ్ళు వదలరు. గోనెపట్టాలు పరిచినట్టు ఈ కొసనుంచి ఆ కొసదాకా మంచాలు పరిచేసి, ఊళ్ళోవాళ్ళు తువ్వాలు పట్టుకొస్తే ఎటు పోవాలో తెలీకుండా చేస్తారు. 400 యూరోలు మీరు చేపకి కట్టట్లేదు, పక్కవాడు మీ పక్కన కూర్చోకుండా ఉండడానికి కడుతున్నారు.

కృష్ణమోహన్_సికింద్రాబాద్:
సుధాకర్ గారూ ఇది పాత మాట. 2024లో కొత్త చట్టం వచ్చింది గదా. సగం బీచ్ ఖాళీగ వదలాలి, నీళ్ళ నుంచి 4 మీటర్ల దాకా ఒక్క మంచం ఉండొద్దు. ఆ 4 మీటర్లల్ల ఎవరైనా కూర్చోవచ్చు. మనిషికి ఎంత కావాలె?

సోంపేట_సుధాకర్:
4 మీటర్లంటే నడిచే దారండీ. అక్కడ తువ్వాలు పరిస్తే మీ ముందు వరసవాళ్ళు నీళ్ళలోకి మా మీంచి దాటుకుంటా వెళ్తారు. మా ఊరి బారువ తీరంలో 4 మీటర్లు వదిలితే ఒక పోటుకే మునిగిపోద్ది.

లెక్కల_మాస్టారు:
అది బంగాళాఖాతం. అక్కడి ఏజియన్ సముద్రంలో ఆటుపోట్లు చాలా తక్కువ, జానెడు మూరెడు తేడా అంతే. కాబట్టి 4 మీటర్లు అంటే రోజంతా 4 మీటర్లే. పోలిక సరిపోదు.

సోంపేట_సుధాకర్:
మాస్టారూ, గాలి లేస్తే కెరటం ఎంత దూరం వస్తాదో ఓడ మీద నిలబడి చూశాను. పుస్తకం సెప్పకండి.

వైజాగ్_వెన్నెల:
2023లో మా రుషికొండలో బీచ్‌కి 20 రూపాయల టికెట్ అంటేనే ఎంత గొడవైంది, వెనక్కి తీసుకున్నారు. ఇక్కడ 400 యూరోలా!

హిమ_ఏథెన్స్:
నేను ఏథెన్స్‌లో పీహెచ్‌డీ చేస్తున్నా, నాలుగేళ్ళయింది, తెలిసింది చెప్తా. సముద్రతీరం అందరిదీ అని గ్రీకు సివిల్ కోడ్‌లోనే ఉంది, 967వ ఆర్టికల్. ఎక్కడిదాకా తీరం అంటే చలికాలంలో మామూలుగా వచ్చే పెద్ద కెరటం తడిపే చోటుదాకా, అది రోమన్ల కాలం నుంచి వస్తున్న లెక్క. దాన్ని ఎవరూ కొనలేరు, లీజుకి మాత్రం ఇస్తారు. గొడవంతా లీజు తీసుకున్న దానికన్నా ఎక్కువ ఆక్రమించడంతోనే. 2023 జులైలో మైకొనోస్ పక్కనున్న పారోస్ ద్వీపంలో జనమే బ్యానర్లు పట్టుకుని బీచ్‌ల మీదకి వచ్చారు, దాన్ని తువ్వాళ్ళ ఉద్యమం అన్నారు, నక్సోస్‌కీ వేరే చోట్లకీ పాకింది. అందుకే 2024లో ఆ చట్టం. సగం ఖాళీగా, సంరక్షిత ప్రాంతాల్లో 70 శాతం ఖాళీగా, కొన్ని బీచ్‌లలో అసలు మంచాలే వద్దని జాబితా పెట్టారు, మొదటి జాబితాలో 198 ఉన్నాయి. మైకోస్ట్ అని ఒక యాప్ ఉంది, ఏ క్లబ్‌కి ఏ ముక్క లీజులో ఉందో మ్యాప్‌లో కనిపిస్తుంది, దాటితే అందులోనే కంప్లైంట్ పెట్టొచ్చు. లావణ్య గారూ మీరు బుక్ చేసే ముందు అది ఒకసారి చూడండి.

కృష్ణమోహన్_సికింద్రాబాద్:
హిమ గారు చెప్పిందే నేనూ చెప్తున్న. చట్టం ఉంది, యాప్ ఉంది, కంప్లైంట్ ఉంది. ఇంక ఏడుపు దేనికి? ఇంకో మాట, మైకొనోస్ ఒకప్పుడు ఏముండే? రాళ్ళు, గాలి, చేపలు పట్టుకునేటోళ్ళు, బతకలేక ఓడలెక్కి పోయేటోళ్ళు. పక్కన డెలోస్ శిథిలాలు చూడ్డానికి వచ్చే యాత్రికులు ఆగే ఊరు అది. 1960లల్ల అమెరికా ప్రెసిడెంట్ భార్య జాక్వలీన్ కెన్నెడీ, ఓడల కోటీశ్వరుడు ఒనాసిస్ లాంటోళ్ళు వచ్చినంక పేరొచ్చింది. ఇయ్యాల పదివేల మంది ఉండే ద్వీపం ఎట్ల బతుకుతుంది అంటే ఈ డబ్బుతోనే. క్లబ్బులు మూసేస్తే ఆ ఊరి పిల్లలు మళ్ళ ఓడలెక్కాలె.

హిమ_ఏథెన్స్:
ఆ డబ్బు ఊరివాళ్ళకి ఎంత మిగుల్తోందో అడగాలి కదా. సీజన్‌లో మైకొనోస్‌కి పోస్టింగ్ వచ్చిన టీచర్లకీ డాక్టర్లకీ అద్దె ఇల్లు దొరకదు. 2023 మార్చిలో మైకొనోస్ నిర్మాణాల ఫైళ్ళు చూసే పురావస్తు శాఖ ఉద్యోగి ఒకాయన్ని ఏథెన్స్‌లో ఆయన ఇంటి దగ్గరే దారుణంగా కొట్టారు, దేశమంతా పురావస్తు ఉద్యోగులు పని ఆపేశారు. అంత డబ్బు తిరిగేచోట యాప్‌లో కంప్లైంట్ పెడితే సరిపోతుందని నేననుకోను.

చిన్నారి_నాన్న:
మేం పిల్లాడితో మైకొనోస్‌లోనే అయోస్ సోస్టిస్ బీచ్‌కి వెళ్ళాం, ఉత్తరం వైపు. మంచాల్లేవు గొడుగుల్లేవు. నీళ్ళు అద్దంలా ఉన్నాయి. నీడ ఉండదు, గొడుగు మనమే తీసుకెళ్ళాలి.

లెక్కల_మాస్టారు:
నా ప్రశ్నకి ఎవరూ జవాబివ్వలేదు. 400 మెనూలో వాడుకోవచ్చా లేదా?

లావణ్య_డల్లాస్:
మాస్టారూ అడిగాను, వాడుకోవచ్చట, టిప్ మాత్రం వేరేనట.

సోంపేట_సుధాకర్:
కృష్ణమోహన్ గారూ, ఏడుపు అన్నారు కాబట్టి నా ఏడుపు కూడా వినండి. 2022 ఆగస్టు. మా ఓడ టూర్లోస్ కొత్త రేవులో ఆగింది. మాకు తొమ్మిది నెలల కాంట్రాక్టు, రోజూ పది పన్నెండు గంటలు పని, ఆ రోజు నాకు నాలుగు గంటల సెలవు దొరికింది. నిక్కరు, టీషర్టు, భుజం మీద తువ్వాలు. పడవలో పాత రేవుకి వచ్చి, ఫాబ్రికా బస్టాండ్ దగ్గర బస్సెక్కి దక్షిణం వైపు ఒక బీచ్‌కి వెళ్ళాను. మంచాలు అన్నీ నిండిపోయున్నాయి, నేను మంచం అడగలేదు. నీళ్ళ అంచున తడిసిన ఇసక మీద కూర్చున్నాను, కాళ్ళకి కెరటం తగిలేలాగ. ఒక కుర్రోడు వచ్చి రిజర్వేషన్ ఉందా అన్నాడు. లేదు, నీళ్ళలో దిగి వెళ్ళిపోతాను అన్నాను. ఇది గెస్టులకి అని చెప్పి ఆ చివర రాళ్ళు చూపించాడు. నాకు పదడుగుల దూరంలో ఇద్దరు తెల్లమ్మాయిలు తువ్వాళ్ళు పరుచుకుని పడుకునున్నారు, వాళ్ళకీ మంచం లేదు. వాళ్ళని ఏమీ అడగలేదు. ఆ క్లబ్ పేరు నేను చెప్పను, చెప్పి లాభం లేదు.

కృష్ణమోహన్_సికింద్రాబాద్:
బాధగానే ఉంది. కానీ ఆ ఇద్దరూ వాళ్ళ గెస్టులేమో, లేచి ఇసక మీద పడుకున్నరేమో, మీకెట్ల తెలుసు? మీరు క్రూ బ్యాడ్జ్ ఏమన్నా వేసుకుని ఉన్నారా? చూడగానే పనివాళ్ళు అనుకుంటే అడుగుతరు గదా.

సోంపేట_సుధాకర్:
పనివాళ్ళయితే? పనివాళ్ళకి సముద్రం ఉండకూడదా? ఏటి మాట్లాడుతున్నావు నువ్వు? ఓడలో గెస్టులు పడుకున్న దుప్పట్లు మార్చి, బాత్రూములు కడిగి, అవే దుప్పట్లు మళ్ళీ ఉతికించి పరిచేవోళ్ళం మేం. నీలాంటోడు రెండుసార్లు వెళ్ళొచ్చి ఆ మంచమెక్కి కూర్చుంటే నీకు కనబడేది ట్రే ఒక్కటే, ట్రే పట్టుకున్న చెయ్యి కనబడదు.

కృష్ణమోహన్_సికింద్రాబాద్:
మాట జాగ్రత్త. నువ్వు అనకు నన్ను.

వైజాగ్_వెన్నెల:
ఇద్దరూ కొంచెం తగ్గండి, పాపం ఆవిడ పెళ్ళిరోజు గురించి అడిగింది.

లెక్కల_మాస్టారు:
సుధాకర్ గారూ, 2022లో ఈ కొత్త చట్టం లేదు, కానీ తీరం అందరిదీ అన్న నియమం అప్పుడూ ఉంది. కాబట్టి ఆ కుర్రవాడు చేసింది అప్పుడైనా తప్పే. అది నేను ఒప్పుకుంటాను.

కృష్ణమోహన్_సికింద్రాబాద్:
రాత్రి నిద్ర పట్టలే, అందుకే రాస్తున్న. ట్రే పట్టుకున్న చెయ్యి కనబడదు అన్నారు. మా నాన్న సికింద్రాబాద్‌లో ఒక క్లబ్బుల 22 ఏండ్లు బేరర్ చేసిండు. నేను స్కూల్ అయినంక సైకిల్ మీద పోయి గేటు బయట నిలబడేటోణ్ణి, నాన్న డ్యూటీ దిగితే ఇద్దరం కలిసి ఇంటికి పోతుంటిమి. వానొచ్చినా వాచ్‌మన్ లోపలికి రానియ్యకపోతుండె, నాన్న లోపల్నే ఉన్నా గూడ. 2022ల మైకొనోస్ పోయినప్పుడు నాకు గుర్తున్నది సముద్రం కాదు. మా బిడ్డ చెయ్యి పట్టుకుని నడుస్తుంటే ఎవరూ ఆపలే. పేరు చెప్పిన, లిస్టుల చూసిండు, మంచం చూపెట్టిండు. నేను డబ్బు కట్టేది చేపకి కాదు, ఒప్పుకుంట. ఎవడూ వచ్చి నన్ను అడగకుండ ఉండడానికి కడ్తున్న. మా బిడ్డ ముందల ఎవడూ రాళ్ళు చూపెట్టకూడదని కడ్తున్న. అందులో తప్పేంది?

సోంపేట_సుధాకర్:
మీరు కట్టింది తప్పనలేదు నేను, ఇప్పుడూ అనను. మీ నాన్నగారి విషయం నాకు తెలీదు, నువ్వు అన్నందుకు క్షమించండి. కానీ కృష్ణమోహన్ గారూ, అడక్కుండా ఉండడానికి కట్టాలి అంటే, కట్టకపోతే అడుగుతారని మీకు ముందే తెలుసు. మీ బిడ్డకి వాడు రాళ్ళు చూపించలేదు, నాకు చూపించాడు. మీరు కట్టిన డబ్బుతోనే వాడికి జీతం.

కృష్ణమోహన్_సికింద్రాబాద్:
అంటే నేను మళ్ళ గేటు బయట నిలబడాల్నా? మీరందరు బాగుపడేదాక?

సోంపేట_సుధాకర్:
గేటు ఉండకూడదు అంటున్నాను. క్లబ్బుకి గేటు పెట్టుకోండి, అది గోడల మధ్యన కట్టుకున్న ఇల్లు. సముద్రానికి పెట్టకండి.

కృష్ణమోహన్_సికింద్రాబాద్:
చెప్పడానికి మంచిగనే ఉంటది. ఇక్కడ మనం ఒప్పుకోము, నేను ఆపేస్తున్న. కానీ మీకు జరిగింది అన్యాయం. బ్యాడ్జ్ మాట నేను అనకుండ ఉండాల్సింది.

చిన్నారి_నాన్న:
క్రూయిజ్‌లో వచ్చేవాళ్ళకి మైకొనోస్‌లో ఇప్పుడు సీజన్‌లో మనిషికి 20 యూరోలు పన్ను కూడా ఉంది, 2025 నుంచి. లావణ్య గారు ఫెర్రీలో వెళ్తే అది పడదు.

లావణ్య_డల్లాస్:
ఫెర్రీనే అండీ, ఏథెన్స్ రేవు పిరేయస్ నుంచి. ఇదంతా మా ఆయనకి చదివి వినిపించాను. కృష్ణమోహన్ గారి మెసేజ్ దగ్గర ఆపమన్నారు, మళ్ళీ చదవమన్నారు. ఇంకా ఏం బుక్ చెయ్యలేదు, హిమ గారు చెప్పిన మ్యాప్ చూస్తున్నాం, మెయిల్‌లో వాళ్ళు మాకు ఇస్తామన్న ముందు వరస లీజు గీతకి లోపలో బయటో మాకు తేలట్లేదు. సుధాకర్ అన్నయ్యా, ఒకటి అడగనా, ఆ రోజు తర్వాత ఏం చేశారు? రాళ్ళ వైపు వెళ్ళి దిగారా నీళ్ళలో?

సోంపేట_సుధాకర్:
లేదమ్మా. కాసేపు బస్టాపులో కూర్చున్నాను. ఓడలోకి ఐదున్నరకి వస్తే సరిపోయేది, మూడున్నరకే ఎక్కేశాను. ఆ తువ్వాలు మడత కూడా విప్పలేదు.