చనిపోయిన పెద్దపులిని పూర్తిగా కాల్చివేయవలసిందేనా? అరుదైన జంతువుల అవయవాలను అధ్యయనానికి ఉంచుకోవడంపై చర్చ

జంతుశాస్త్ర_అధ్యాపకురాలు:
పెద్దపులి చనిపోతే, జాతీయ పులుల సంరక్షణ ప్రాధికార సంస్థ నిర్దేశించిన విధానం ప్రకారం శవపరీక్ష జరిపి, అవసరమైన నమూనాలు తీసి, మిగిలిన దేహాన్ని గోళ్లు, కోరలు, చర్మంతో సహా సాక్షుల ఎదుట కాల్చివేస్తారు. తీసిన నమూనాల వల్ల ఆ జంతువు ఎందుకు చనిపోయిందో తెలుస్తుంది. అది ఎలా బతికిందో చెప్పగలిగిన గుండె, ఊపిరితిత్తులు, గ్రంథులు మాత్రం చాలావరకు బూడిదవుతాయి. అరుదైన క్షీరదాలన్నిటి విషయంలోనూ అవయవాలను భద్రపరచి అధ్యయనం చేసే ఏర్పాటు ఉండాలని నా వాదన.

ఒక్క కళేబరం ఎంత నేర్పగలదో చెప్పడానికి భారతీయ ఖడ్గమృగమే సాక్ష్యం. లండన్ జంతు ప్రదర్శనశాలలో 1849లో చనిపోయిన ఖడ్గమృగాన్ని కోసి పరిశీలించిన ఆంగ్ల శరీరనిర్మాణ శాస్త్రవేత్త రిచర్డ్ ఓవెన్, థైరాయిడ్‌ను అంటిపెట్టుకొని ఉన్న చిన్న పసుపుపచ్చని గ్రంథిని గమనించి రాసిపెట్టాడు. అదే పారాథైరాయిడ్. రక్తంలోని కాల్షియాన్ని అదుపులో ఉంచే ఆ గ్రంథిని మనుషులలో స్వీడన్‌కు చెందిన ఐవర్ సాండ్‌స్ట్రోమ్ వర్ణించినది 1880లో. మన అడవులలో తిరిగే, ఒళ్లంతా పొలుసులుండే అలుగునే (పాంగోలిన్) చూడండి. దానికి పళ్లు లేవు. జీర్ణాశయం చివరి భాగంలో ఉన్న మందమైన కండరమూ, గరుకైన ముళ్లూ, చీమలతో పాటు మింగిన చిన్న రాళ్లూ కలిసి నమిలే పని చేస్తాయి. దాని నాలుక మొదలు గొంతులో ఉండదు, ఛాతీ ఎముక కొనదాకా వెళ్తుంది. పట్టుబడిన అలుగుకు ఏమి పెట్టి బతికించాలో ఆలోచించేవారికి ఈ జ్ఞానం ఎంత అవసరమో వేరే చెప్పాలా?

విశ్రాంత_రేంజి_అధికారి:
అమ్మా, మీ తపన నాకు అర్థమవుతోంది. అయినా ఒప్పుకోలేను. కాల్చడం మేము నేర్చుకున్నది ఊరికే కాదు. 1972 నాటి వన్యప్రాణి సంరక్షణ చట్టంలోని 39వ సెక్షన్ ప్రకారం చనిపోయిన జంతువూ దాని భాగాలూ ప్రభుత్వ ఆస్తి. ఆ ఆస్తి ఒక గదిలో ఉన్నంతకాలం దానికి ఒక తాళం, ఒక రిజిస్టరు, ఒక మనిషి ఉండాలి; వాటిలో ఏ ఒక్కటి సడలినా అది సంతకు చేరుతుంది. ఒకసారి ఒక చితి దగ్గర రాత్రంతా కూర్చున్నాము. నిప్పు తగ్గినప్పుడు మళ్లీ కట్టెలు తెప్పించి, బూడిదను కదిపి, గోరు ముక్క కూడా మిగలలేదని చూసుకున్నాకే లేచాము. అలుగు పొలుసుల కోసం ఎంత దొంగవ్యాపారం సాగిందంటే, 2016లో జరిగిన అంతర్జాతీయ సమావేశంలో దాని అన్ని జాతుల అంతర్జాతీయ వాణిజ్యాన్నీ నిషేధించవలసి వచ్చింది. అలాంటి జంతువు భాగాలను సీసాలలో దాచమంటే నా మనసు ఒప్పడం లేదు.

క్షేత్ర_పశువైద్యుడు:
ఇద్దరూ గదిలో ఉన్న అవయవం గురించి మాట్లాడుతున్నారు. అడవిలో కళేబరం మాకు ఎలా దొరుకుతుందో చెబుతాను. వేసవిలో మూడో రోజున కబురు వస్తే పేగుల లోపలి పొర అప్పటికే కరిగిపోయి ఉంటుంది, మెదడు ముద్దగా మారి ఉంటుంది. అవయవాలు కుళ్లకుండా ఉంచే ఫార్మలిన్ ద్రావణం పని చేయాలంటే అవయవాన్ని పలుచని ముక్కలుగా కోసి, దాని పరిమాణానికి సుమారు పది రెట్ల ద్రావణంలో ఉంచాలి. మొత్తం కాలేయాన్ని డబ్బాలో వేసి మూత పెడితే లోపల కుళ్లిపోతుంది. ముక్కు నుంచీ మలద్వారం నుంచీ గడ్డకట్టని రక్తం కారుతుంటే ఆంత్రాక్స్ అనుమానంతో కళేబరాన్ని అసలు కోయకూడదు. కోస్తే ఆ క్రిమి బీజాలు నేలలో ఏళ్ల తరబడి ఉండిపోతాయి.

ఇంకో మాట. అన్నిటికీ మరణం కోసం ఎదురుచూడనవసరం లేదు. సుమత్రా ఖడ్గమృగం జతకట్టినప్పుడు మాత్రమే అండం విడుదల చేస్తుందన్న సంగతి సిన్సినాటి జంతు ప్రదర్శనశాలలో బతికి ఉన్న జంతువుకు అల్ట్రాసౌండ్ చేస్తూ తెలుసుకున్నారు; దాని ఫలితంగా 2001లో అక్కడ పిల్ల పుట్టింది. బంధనంలో ఆ జాతి పిల్ల అంతకుముందు పుట్టినది 1889లో, కలకత్తాలో.

జంతుశాస్త్ర_అధ్యాపకురాలు:
వైద్యుడు గారూ, ఆ ఉదాహరణ నా వాదనను సరిదిద్దింది. అయితే ఆ తెరపై కనిపించినదాన్ని అండాశయమని గుర్తుపట్టడానికి ముందే ఎవరో ఒకరు అండాశయాన్ని చేతిలో పట్టుకొని చూసి ఉండాలి కదా. 2018లో గిర్ అడవిలో సింహాలు వరసగా చనిపోయినప్పుడు కుక్కలకు సోకే కనైన్ డిస్టెంపర్ వైరస్ బయటపడింది. అలాంటి రోగం ఊపిరితిత్తులలో ఏమి మార్చిందో చెప్పాలంటే ఆరోగ్యమైన ఊపిరితిత్తి ఎలా ఉంటుందో తెలిసి ఉండాలి. ప్రమాదంలో చనిపోయిన ఆరోగ్యవంతమైన జంతువును కూడా కాల్చేస్తే ఆ పోలిక ఎక్కడినుంచి వస్తుంది?

అధికారి గారి భయాన్ని నేను తేలికగా తీసుకోవడం లేదు. చర్మం, గోళ్లు, కోరలు, ఎముకలు, పొలుసులు కాల్చవలసిందే. ఎలుగుబంటి పిత్తాశయానికి కూడా దొంగ మార్కెట్ ఉంది కాబట్టి దానినీ అందులో చేర్చాలి. మిగిలిన మెత్తని అవయవాల ముక్కలు ఫార్మలిన్‌లో నానాక ఏ మందుకూ పనికిరావు. ఫార్మలిన్ డీఎన్‌ఏను పాడుచేస్తుంది గనుక జన్యు నమూనాను విడిగా చల్లబరచి ఉంచాలి. హైదరాబాదులో కణ, అణు జీవశాస్త్ర పరిశోధన కేంద్రమైన సీసీఎంబీకి చెందిన, అంతరించిపోతున్న జాతుల పరిరక్షణ ప్రయోగశాల లాకోన్స్‌లో వన్యప్రాణుల జన్యు వనరుల భాండాగారం ఉండనే ఉంది. కణజాలాన్ని నమోదు చేసి కాపాడగలిగిన చోట అవయవాన్ని కాపాడలేమా?

విశ్రాంత_రేంజి_అధికారి:
హైదరాబాదులో వీలవుతుంది. నేను పనిచేసిన డివిజన్ కార్యాలయంలో వీలుకాదు, అక్కడ ఫ్రిజ్‌కు కరెంటే నిలకడగా ఉండేది కాదు. ముక్కలు తీసిన రోజే తూకం వేసి, పంచనామాలో రాసి, సీలు వేసి, జిల్లాలో ఒక్క రాత్రి కూడా ఉంచకుండా నేరుగా అలాంటి సంస్థకు పంపేటట్టయితే నేను అడ్డు చెప్పను. మిగతాదంతా మాత్రం నా కళ్లముందే కాలాలి.