అప్‌డేట్: ఎడ్యుకేషన్ లోన్ ఉండగా కాన్వెంట్‌లో చేరొచ్చా అని అడిగాను కదా

చేరడానికి డేట్ వచ్చేసింది అండి, అందుకే మళ్ళీ రాస్తున్నా. బీఎస్సీ నర్సింగ్ అయ్యాక కాన్వెంట్‌లో చేరి సిస్టర్ (నన్) అవుదామనుంది, లోన్ ఇంకా ఉంది, నాన్నేమో ససేమిరా అంటున్నారు అని అడిగాను. రిప్లై ఇచ్చిన అందరికీ థ్యాంక్స్. "ముందు వొకేషన్ సిస్టర్‌ని కలువు, ఇంట్లో గొడవ తర్వాత" అన్నవాళ్ళ మాటే పనిచేసింది. కొత్తగా చేరాలనుకునేవాళ్ళతో మాట్లాడే ఆ సిస్టర్ టేబుల్ సొరుగులోంచి క్యాథలిక్ చర్చి చట్టం పుస్తకం తీసి 644వ నియమం చూపించారు, తీర్చలేని అప్పులున్నవాళ్ళని నోవిషియేట్‌లోకి, అంటే వ్రతాలకు ముందుండే శిక్షణలోకి, తీసుకోకూడదని ఉంది. సో హాస్పిటల్ జాబ్ చేస్తూ లోన్ మొత్తం కట్టేశా, బ్యాంకు ఇచ్చిన నో డ్యూస్ లెటర్ ఇప్పుడు నా జ్ఞానస్నానం సర్టిఫికెట్ పక్కనే ఫైల్లో ఉంది.

వయసు దాటిపోయిందేమో అని భయపడ్డా కానీ చట్టంలో నోవిషియేట్‌కి కనీసం 17 నిండాలనే ఉంది, పై లిమిట్ ఒక్కో సభ (సిస్టర్ల సంస్థ) ఒక్కోలా పెట్టుకుంటుంది, మీ సభలో కనుక్కోండి. మా అమ్మ కట్నం అడుగుతారేమో అని బెంగపడింది, అలాంటిదేం లేదు పాపం. నాన్న మెత్తబడింది మాత్రం, నోవిషియేటే కనీసం 12 నెలలు, తర్వాత కూడా ముందు తాత్కాలిక వ్రతాలే (కొంతకాలానికి చేసే ప్రమాణాలు), అది కనీసం 3 ఏళ్ళు, అప్పుడుగానీ జీవితాంతం ఉండే నిత్య వ్రతాలుండవు అని సిస్టరే ఫోన్‌లో చెప్పాక. "అయితే సరే, వెళ్ళి చూడు" అన్నారు, అంతకుమించి ఇంకా ఏం మాట్లాడట్లేదు.