కుజుడు లగ్నంలో ఉంటే కోపం ఎక్కువంటారు, ఇది స్టాటిస్టిక్స్‌లో తేలుతుందా?

ప్రశ్న:
అందరికీ నమస్తే. కొన్నేళ్లుగా జ్యోతిషం శ్రద్ధగా నేర్చుకుంటున్నా. కుజుడు లగ్నంలో ఉంటే దూకుడు అంటారు కదా, అది చూద్దామని తెలిసినవాళ్లు 120 మంది పుట్టిన టైములు తీసుకుని వాళ్లందరికీ పర్సనాలిటీ ప్రశ్నలు ఇచ్చా. తొమ్మిది గ్రహాలు పన్నెండు భావాలు (జాతకంలోని ఇళ్లు) అన్నీ వేసి చూస్తే ఆరు చోట్ల పి-వాల్యూ (ప్రభావమేమీ లేకపోయినా ఇంత తేడా ఊరికే వచ్చే అవకాశం) 0.05 కన్నా తక్కువొచ్చింది, కుజుడి దగ్గర రాలేదు గానీ మూడో భావంలో శని ఉన్నవాళ్లకి వచ్చింది. నమ్మొచ్చా?

జవాబు 1:
తొమ్మిది పన్నెండ్లు 108 టెస్టులండీ. గ్రహాల ప్రభావం అస్సలు లేకపోయినా 0.05 దగ్గర సగటున ఐదారు ఊరికే వచ్చేస్తాయి, మీకు వచ్చినవీ ఆరే. పైగా ఒక్కో భావానికి పది మందే పడతారు, అది చాలా తక్కువ. రాహుకేతువులు ఎప్పుడూ ఎదురెదురే, బుధుడు రవిని వదిలి 28 డిగ్రీలు దాటడు, కాబట్టి ఒకటి తగిలితే దాని జంట కూడా తగులుతుంది. శని మూడు అనే ఒక్క ప్రశ్న ముందే రాసిపెట్టుకుని పూర్తిగా కొత్తవాళ్లతో చెయ్యండి.

జవాబు 2:
వాళ్లకి వాళ్ల జాతకం తెలుసా? ఇదే అసలు సమస్య అని నా అభిప్రాయం. 1978లో సైకాలజిస్టు ఐసెంక్ వాళ్లు 2324 మందిని చూస్తే బేసి రాశులవాళ్లు ఎక్కువ కలుపుగోలుగా తేలారు, తర్వాత రాశి గుణాలు తెలియనివాళ్లని తీసుకుంటే ఆ తేడా పోయింది. నీకు కోపమెక్కువ అని చిన్నప్పట్నుంచీ వింటే ఫారంలో అదే టిక్ పెడతాం కదా.

జవాబు 3:
గ్రహాలకీ పుట్టిన టైముకీ సంబంధం ఉందా అని లెక్కలు తీసిన ఫ్రెంచ్ పరిశోధకుడు గోక్లాన్ పని తప్పక చూడండి. పేరున్న ఆటగాళ్లలో కుజుడు ఉదయించిన కాసేపటికి గానీ నడినెత్తి దాటాక గానీ పుట్టినవాళ్లు దాదాపు 22 శాతం, మామూలుగా 17 రావాలి. విచిత్రం ఏంటంటే అవి మన లెక్కలో సుమారుగా 12, 9 భావాలు, లగ్నం కాదు! ఏళ్ల తరబడి వాదన నడిచింది, 1996లో ఫ్రెంచ్ కమిటీ 1066 మందితో చేస్తే ఏమీ రాలేదు.
ఇంకోటి, ప్రతి భావానికీ పన్నెండో వంతు అనుకోవద్దు, కాన్పులు రోజంతా సమానంగా జరగవు, కుజుడు కూడా ఎక్కువకాలం సూర్యుడి వైపే కనిపిస్తాడు. ఒకరి టైము ఇంకొకరి తేదీకి తగిలించి వెయ్యిసార్లు కలిపి చూడండి, ఊరికే ఎంత వస్తుందో అప్పుడు తెలుస్తుంది.

ప్రశ్న అడిగినవారు:
చాలా థాంక్స్ అండీ. సగం మందికి పైగా జాతకం తెలిసినవాళ్లే, ఆ సంగతి నేను అడగనేలేదు. ముందు వాళ్లని పక్కన పెట్టి, టైములు కలిపి చూస్తా, మళ్లీ ఇక్కడే పెడతా.