అప్‌డేట్: గజాలీ, మస్లహా – నా ప్రశ్నకు సమాధానం దొరికింది

మంచిచెడులను షరీఅత్ (ఇస్లామిక్ ధర్మశాసనం) చెబితే తప్ప బుద్ధి తనంతట తాను నిర్ణయించలేదని నమ్మే అష్అరీ వేదాంత సంప్రదాయానికి చెందిన మధ్యయుగ ముస్లిం పండితుడు గజాలీ, న్యాయశాస్త్రంలో మస్లహాకు, అంటే ప్రజాహితానికి, ఎలా చోటిచ్చారని ఇంతకుముందు అడిగాను. జవాబిచ్చిన అందరికీ కృతజ్ఞతలు. ఆయన 1109లో పూర్తిచేసిన న్యాయశాస్త్ర సూత్రాల గ్రంథం ‘అల్-ముస్తస్ఫా’లో ఇస్తిస్లాహ్ (ప్రజాహితం ఆధారంగా తీర్పు చెప్పడం) గురించిన భాగాన్నే నేరుగా చదవమన్న సలహాతో చిక్కు విడిపోయింది, అరబ్బీ బోధించే ఒక అధ్యాపకులు దాన్ని వాక్యం వాక్యంగా వివరించారు.

గజాలీ దృష్టిలో హితమంటే మనిషికి మేలుగా తోచేది కాదు, షరీఅత్ కాపాడదలచిన మతం, ప్రాణం, బుద్ధి, వంశం, ఆస్తి అనే ఐదింటి రక్షణ. ఆ లక్ష్యాలు తెలిసేది ఖురాన్, సున్నత్ (ప్రవక్త మాటలు, ఆచరణ), ఇజ్మా (పండితుల ఏకాభిప్రాయం) ద్వారానే కనుక, బుద్ధికి స్వతంత్రాధికారమిచ్చే ముఅతజిలీ అనే వేదాంత వర్గం వాదంలోకి ఆయన జారిపోలేదు. ఉదాహరణకు, శత్రువు ముస్లిం బందీలను కవచంగా నిలబెట్టుకొని దండెత్తినప్పుడు, అవసరం అనివార్యమై, ఫలితం నిశ్చితమై, ముప్పు సమాజమంతటిదీ అయితేనే దాడిని అనుమతిస్తారు. మునిగిపోతున్న పడవలో చీటీలు వేసి ఒకరిని నీటిలోకి తోసి మిగతావారు బతకడాన్ని మాత్రం ఒప్పుకోరు, ఎందుకంటే ఆ కొద్దిమంది సమాజమంతా కారు. ఆయన సిద్ధాంతం ఎంత కట్టుదిట్టమైనదో నాకు ఈ పడవ దగ్గరే అర్థమైంది.